మా పిచ్చుక కొలత దారం

శనివారం సాయంత్రం నాలుగు దాటాక మా వీధి చివర పెంపుడు జంతువుల దుకాణానికి వెళితే, గాజు తలుపు పక్కన పాత బస్సు సీటు ఒకటి కనిపిస్తుంది. ఒక్క మనిషి కూర్చునే సీటు. ఆకుపచ్చ రెగ్జిను, అంచున రెండు వరసల కుట్టు. అందులో కూర్చుని ఉండేది మా చెల్లెలు. పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. ఒళ్ళో చిన్న టార్చిలైటు, కుడిచేతి బొటనవేలికి కాస్త పెంచిన గోరు. అవే ఆమె పనిముట్లు. కుక్కకో పిల్లికో బొమ్మ కొనదలచినవాళ్ళు బల్ల దగ్గరికి వెళ్ళేముందు ఆమె ముందు ఆగుతారు. ఆగకపోతే ఆమే ఆపుతుంది.

మొన్న ఒకావిడ చంకలో తెల్ల కుక్కపిల్లతో, చేతిలో నొక్కితే కీచుమనే ఎలుగుబంటి బొమ్మతో బల్లవైపు వెళుతోంది.

"ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా" అంది మా చెల్లెలు.

"మీరు దుకాణం వాళ్ళా?"

"కాదు. కుక్కల తరఫు."

బొమ్మను తిప్పి చూసి, కన్ను పట్టుకుని లాగింది. "ఇవి గుండీలు. నీ పిల్ల మొదట పీకేది వీటినే. ఆ తర్వాత పొట్ట చింపుతుంది. లోపల ఏదో కూస్తోంది కదా, అదేంటో చూడకుండా ఊరుకుంటుందా? మరి ఆ కీచు డబ్బీ బయటికొచ్చాక ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి?"

"మింగేది అది, నన్నడుగుతావేం?"

బల్ల వెనకనుంచి దుకాణదారు నిట్టూర్చాడు. "నువ్వు వచ్చినప్పటినుంచి ఇది మూడోది అక్కా."

"నాలుగోది కూడా వస్తుందిలే తమ్ముడూ. ఇలాంటివి తెప్పించడం మానెయ్, రావు."

ఆ సీట్లో కూర్చున్నావిడ ఎవరు, ఆవిడకెందుకిదంతా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. మా చెల్లెలు చెప్పదు. చెప్పవలసినవాణ్ణి నేను. అందుకే రాస్తున్నాను.

రాసేవాడెవడో కూడా తెలియాలి కాబట్టి నా సంగతి నాలుగు ముక్కలు. పల్లెటూరి బడిలో ఐదో తరగతి వరకు చదివాను. ఐదింటిలోనూ మొదటివాణ్ణే. ఇరవై ఎక్కాలు కిందినుంచి పైకి కూడా అప్పజెప్పేవాణ్ణి. మా పంతులుగారు మిగతావాళ్ళ పలకలు నాచేతే దిద్దించేవారు. పదిహేనో ఏట తాళ్ళ కార్ఖానాలో చేరి నలభై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. చివరి పంతొమ్మిదేళ్ళు మేస్త్రీని. నా దగ్గర తాడు పేనడం నేర్చుకుని సొంతంగా నిలబడ్డవాళ్ళు అరవై నలుగురు. ఒక తుఫానులో రేవునుంచి పడవలు కాగితాల్లా కొట్టుకుపోతే, మా మోకులతో కట్టిన మూడూ కట్టినచోటే ఉన్నాయి. అందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం మా ముందుగది గోడమీద ఇప్పటికీ ఉంది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట. ఇంత తెలిసినవాడు ఎక్కడ తప్పాడో తెలియాలంటే ఇదంతా ముందు తెలియాలి.

మా చెల్లెలు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఇంట్లో అందరం పిచ్చుక అనేవాళ్ళం. మనిషి అంతే ఉండేది, నోరు మాత్రం ఆగేది కాదు. పిట్ట కొంచెం కూత ఘనం అనే మాట మా పిచ్చుకను చూసే పుట్టిందని మా నాన్న అనేవాడు. నేను పనిలో చేరిన ఏడాదినుంచీ ఆమెకు ఏది కావాలన్నా నా దగ్గరికే వచ్చేది. ఊయలకు తాడు, గెంతడానికి తాడు, పుస్తకాలు కట్టుకోవడానికి తాడు. మాట ఎప్పుడూ ఒకటే.

"అన్నయ్యా, ఒకటి చేసిపెట్టు."

"ఎంత పొడుగు?"

"ఇంత" అని చేతులు చాపేది.

కార్ఖానాలో మా పెద్దమేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటుంది. కొలత నోటితో చెబితే తీసుకోకూడదు. అడిగినవాడు దారం తెచ్చి ఇవ్వాలి. ఆ దారానికి మొదట ఒక ముడి, చివర ఒక ముడి. మధ్యలో ఉన్నదే కొలత. చేతుల్లో కొలిచిన పొడుగు మనిషి మారితే మారుతుంది, అంకెల్లో చెప్పింది వినేవాడి చెవిని బట్టి మారుతుంది, దారం మాత్రం మారదు. పిచ్చుకకు ఏడేళ్ళప్పుడు ఈ పద్ధతి నేర్పాను. ముడి జారకుండా కొసను రెండుసార్లు దూర్చడం కూడా నేర్పాను. అప్పటినుంచి చేతులు చాపడం మాని, ముడులు వేసిన దారం తెచ్చి నా అరచేతిలో పెట్టేది. పెట్టాక అనేది, ఒకటి చేసిపెట్టమని.

పెద్దయ్యాక ఆమె బస్సు డిపోలో సీట్లు కుట్టే పనిలో చేరింది. పొడుగాటి రేకుల షెడ్డులో ఎనిమిది కుట్టుమిషన్లు, మూలన కుప్పపోసిన స్పాంజి, ఇంజను నూనె వాసన. అక్కడ ముప్పై మూడేళ్ళు పనిచేసింది. ఆమె కుట్టిన సీటు కుట్టు దగ్గర చిరగదు, చిరిగితే బట్టే చిరగాలి. ఈ మాట డిపోలో అందరూ ఒప్పుకుంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఇంకా రెండు బస్సుల సీట్లు మిగిలున్నాయి, అవయ్యాక చూద్దాం" అనేది. మేం కింద, ఆమె పైగదిలో. మధ్యలో పన్నెండు మెట్లు.

బొగ్గు వచ్చింది ఆ డిపోనుంచే. మరమ్మతుకు వచ్చిన బస్సులో వెనక సీటు కింద ఒక నల్లటి కుక్కపిల్ల దొరికింది, ఆ రంగు చూసే బొగ్గు అని పేరు పెట్టింది. సాయంత్రం దాన్ని చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. వారం తిరక్కుండా అది ఆమె చెప్పులు రెండు జతలు, దుప్పటి అంచు, మిషను మీద మూత, మా ఆవిడ కుర్చీ కాలు కొరికింది. మా ఆవిడ ఆ కుర్చీ నాకిచ్చి తాను వేరే కుర్చీ తీసుకుంది.

ఒక ఆదివారం పిచ్చుక మెట్లు దిగి వచ్చి దారం నా చేతిలో పెట్టింది. అప్పటికి ఆమెకు నలభై ఏడు. నాకు ఇంకో నెలలో పని విరమణ.

"అన్నయ్యా, ఒకటి చేసిపెట్టు. వాడు కొరుక్కోవడానికి. తెగకూడదు."

తెగకూడదు అని నాతో అనడం చేపకు ఈత నేర్పడమే. నవ్వాను. ఉన్నవాటిలో మేలైన పీచు ఏరి, మూడు పురులు పేని, రెండు కొసలా పిడికిలంత ముడులు వేశాను. పురి విడిపోకుండా కొసలకు మైనం పట్టించిన నీలం దారం చుట్టాను. పడవ తాళ్ళకు మేం చుట్టే దారమే అది. తర్వాత దాన్ని కార్ఖానా దూలానికి వేలాడదీసి, కింద రెండు సిమెంటు బస్తాలు కట్టి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉంచాను. వెంట్రుకంత కూడా సాగలేదు. తెచ్చి ఇస్తూ, "ఏనుగును కట్టు, ఏమీ కాదు" అన్నాను.

"మా వాడు ఏనుగు కాదులే అన్నయ్యా. కానీ పళ్ళు అవే" అంది.

బొగ్గుకు ఆ తాడంటే ప్రాణం. పడుకుంటే గడ్డం కింద తాడు, లేస్తే నోట్లో తాడు. నేను గుమ్మంలోకి వస్తే తాడు తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసి, ఒక కొస నన్ను పట్టుకోమన్నట్టు చూసేవాడు. నా చేతి పనిని అంతగా మెచ్చుకున్నవాళ్ళు, ప్రశంసాపత్రం ఇచ్చినవాళ్ళతో సహా, ఇంకెవరూ లేరు.

ఎనిమిది నెలలయ్యాక ఒకరోజు పిచ్చుక ఆ తాడు తీసుకుని కిందికి వచ్చింది. కొసలు విచ్చుకుని ముసలివాడి గడ్డంలా ఉన్నాయి.

"అన్నయ్యా, నూగు వస్తోంది. పారేద్దామా?"

చేతిలోకి తీసుకుని, రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి లాగి చూశాను. ఇనుపకడ్డీలా ఉంది. పడవ తాడుకు మొదటి ఏడాది నూగు రావడం మామూలే. నూగు చూసి తాడు పారేసేవాణ్ణి మా కార్ఖానాలో అందరూ ఎగతాళి చేస్తారు.

"నూగుదేముంది? అది తాడు వాడుకలో పడుతోందని గుర్తు. నేను చెబుతున్నాగా, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అన్నాను.

నేను చెబుతున్నాను కాబట్టి ఆమె పారేయలేదు.

మూడు వారాల తర్వాత బొగ్గు తిండి మానేశాడు. నీళ్ళు తాగినా కక్కేశాడు. మర్నాడు పొద్దున పశువుల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి వెంటనే కోయాలంది. బయట బెంచీమీద ఇద్దరం కూర్చున్నాం. పిచ్చుక ఒళ్ళో బొగ్గు మెడపట్టీ ఉంది. మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి ఒక తెల్లటి రేకుపళ్ళెం చూపించింది. అందులో పీచు, పీచుతోబాటు దారం. తడిసి రంగు వెలిసినా గుర్తుపట్టాను. మైనం పట్టించిన నీలం దారం.

"ఇలాంటి దారం ఒక కొస పైన ఎక్కడో చిక్కుకుంటుంది, మిగతాది కిందికి జారుతుంది" అంది డాక్టరమ్మ. "పేగు దానిమీద కుచ్చులు పడుతుంది. సంచీ నాడా లాగితే మూతి ముడుచుకుంటుంది చూడండి, అలా. దారం ఎంత గట్టిదైతే పేగును అంత కోస్తుంది."

ఎంత గట్టిదైతే అంత. నలభై ఒక్క ఏళ్ళు నేను గర్వపడ్డది దేనికో, సరిగ్గా దానికే.

మూడోరోజున బొగ్గు పోయాడు.

ఇంటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగి, "నీ తప్పేం లేదన్నయ్యా" అంది పిచ్చుక. తిట్టి ఉంటే నాలుగు మాటలు పడి తల వంచుకునేవాణ్ణి. ఆ మాట మింగలేక కక్కలేక ఇన్నేళ్ళూ గొంతులోనే ఉంది.

మాట్లాడడం మానేసిందని కాదు. రోజూ కిందికి వచ్చేది. వాళ్ళ వదినతో కబుర్లు చెప్పేది, నా మందులు వేసుకున్నానో లేదో అడిగేది, నా గురక మీద జోకులు వేసేది. కానీ ఒక నెల గడిచాక ఒకరోజు డాబా ఎక్కితే, బట్టలారేసుకునే తాడు కొత్తది కనిపించింది. బజారులో కొన్న ప్లాస్టిక్ తాడు. ముడి వదులుగా, ఎవరో దారినపోయే మనిషి కట్టినట్టుంది. తాళ్ళ మేస్త్రీ చెల్లెలు తాడు కొనుక్కుంది. దాన్ని విప్పి సరిగ్గా కట్టాలని చేయి చాపి, కట్టకుండానే దిగి వచ్చేశాను.

ఆ రోజు అర్థమైంది, ఆమె ఇక నన్ను ఏదీ అడగదని.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో గెలిచి వచ్చినవాణ్ణి. ఇంట్లో గెలుపంటే ఆ మూడు మాటలేనని, అవి ఆగిపోయాక తెలిసింది. అన్నయ్యా, ఒకటి చేసిపెట్టు. సాయంత్రం మెట్లమీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, నా అరచేయి దానంతటదే తెరుచుకునేది. ఆమె వచ్చి వాళ్ళ వదినకు కూరగాయల సంచి ఇచ్చి వెళ్ళిపోయేది.

పిచ్చుక ఆ దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టింది ఆ ఏడాదే. ఇంట్లో కుక్క లేదు, కొనేదేమీ లేదు. వెళ్ళి బొమ్మలన్నీ ఒక్కొక్కటే తీసి చూసేది. మొదట దుకాణదారు చిరాకుపడ్డాడట.

"కొంటారా అక్కా?"

"కొనను."

"మరి చూడ్డం దేనికి?"

"కొనేవాళ్ళు చూడట్లేదు కదా, అందుకు."

కుట్టుపని చేసిన చెయ్యి కాబట్టి కుట్టు ఎక్కడ ఊడుతుందో ఆమెకు చూడగానే తెలుస్తుంది. మిగతాది డాక్టరమ్మను అడిగి, డిపో కుక్కలను గమనించి నేర్చుకుంది. బొమ్మ కుక్క నోటికంటే పెద్దదిగా ఉండాలి. గొంతులో పట్టేంత బంతి ఎంత ముద్దొచ్చినా వద్దు. బొటనవేలి గోరుతో నొక్కితే రబ్బరుమీద గుర్తు పడాలి. పడకపోతే అది పళ్ళు విరిచే రకం. గోటితో తేలే సంగతికి గొడ్డలి దెబ్బలెందుకని, సుత్తితో కొట్టి చూపించబోయిన దుకాణదారును ఒకసారి ఆపేసింది. లోపల బోలుగా ఉన్నదానికి ఒక్కటే కంత ఉంటే తీసుకోదు. నాలుక లోపల పీల్చుకుని ఇరుక్కుపోతుంది, గాలి పోవడానికి రెండో కంత ఉండాలి. పిల్లి బొమ్మలకు వేలాడే దారం కత్తిరించేస్తుంది. దారం మాట వచ్చినప్పుడు మాత్రం ఆమె ఎక్కువ మాట్లాడదు. టార్చివెలుగులో చూసి, పక్కన పెట్టేస్తుంది.

రెండేళ్ళకు, ఆమె వద్దన్నవి ఎక్కువగా తిరిగి వస్తున్నాయనీ, ఔనన్నవి రావడం లేదనీ దుకాణదారు గమనించాడు. కూర్చోమని స్టూలు వేశాడు. స్టూలు మెత్త కుట్టు బాగాలేదని డిపోలో తీసేసిన సీటు ఒకటి అడిగి తెచ్చుకుంది.

ఇవన్నీ జరుగుతుంటే నేనూ ఊరుకోలేదు. వెనక గదిలో చిన్న బల్ల వేసుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. లాగడం వేరు, కొరకడం వేరు అని అరవై ఏళ్ళకు నా చేతులకు నేర్పాను. తాడును లాగే బరువు ఒకే దిక్కున ఉంటుంది. కుక్క దవడ పక్కనుంచి, వెనక పళ్ళతో, కత్తెరలాగ కోస్తుంది. దూలానికి వేలాడదీసి లాభం లేదు. ఇంటి ముందు వీధి కుక్కలకు నేను చేసిన ముక్కలిచ్చి, పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, మింగేలోపు లాక్కునేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలోనుంచి చూసి, "అరవై నలుగురు శిష్యులన్నారు, వీళ్ళతో కలిపి అరవై తొమ్మిది" అనేది.

ఒక శనివారం, ఇదే మేలైందనుకున్నదాన్ని పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. పడవ రేవు గోడకు తగలకుండా వేలాడదీసే మెత్తటి రబ్బరు దిమ్మ కోసి, నున్నగా రాసి, లోపల తిండి పెట్టుకోవడానికి కంత చేశాను. నాకు ముందు ఇద్దరున్నారు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక బొమ్మ ఆమె చేతిలో పెట్టాను.

పిచ్చుక నా ముఖం చూడలేదు. బొమ్మనే చూసింది. గోరుతో నొక్కింది, గుర్తు పడింది. వాసన చూసింది. వెలుగు వేసి లోపలికి చూసింది. నా గుండె ఐదో తరగతి పరీక్షప్పుడు కూడా అలా కొట్టుకోలేదు.

"ఒక్కటే కంత ఉంది" అంది. తిరిగి నా చేతిలో పెట్టి, నా వెనకున్నాయనతో, "మీదేంటండీ?" అంది.

ఇంటికి రాగానే మా ఆవిడ, "తప్పారా?" అని అడిగింది.

"ఒక్క మార్కుతో" అన్నాను. రెండో కంత పెట్టడం ఎంతసేపు? సాయంత్రమే పెట్టాను. కానీ మళ్ళీ తీసుకువెళ్ళలేదు. నేను తెస్తే ఆమె చూస్తుంది, బాగుంటే బాగుందంటుంది. బాగుందనడం నాకెందుకు? ఆమే అడగాలి.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి.

పోయినేడు పిచ్చుక డిపోనుంచి విరమించుకుంది. చివరిరోజున అందరూ శాలువా కప్పి, గడియారం ఇచ్చారట. ఆమె వాటితోపాటు హారనును కూడా తెచ్చుకుంది. హారను డిపోలో పెరిగిన ముసలి కుక్క. వాడి మొరుగుడు వింటే బస్సు పక్కకు తీయమన్నట్టే ఉంటుంది. ఎడమవైపు పళ్ళు సగం లేవు, కుడివైపు దవడ మాత్రం పట్టుకారు. డిపోలో టైరు ముక్కలు కొరికి కొరికి చిగుళ్ళు పుండు చేసుకున్నాడు. కొరకనివ్వకపోతే తన ముందుకాలు తానే కొరుక్కుంటాడు.

దుకాణంలో ఉన్నవన్నీ వాడికి పెట్టి చూసింది. మెత్తవి నిమిషంలో చింపి మింగబోయాడు. గట్టివి కొరికితే చిగుళ్ళనుంచి నెత్తురు. ఒక్కటీ నిలవలేదు. సీటు కుట్టే గుడ్డతో తనే ఒకటి కుట్టింది. కుట్టు ఊడలేదు, కానీ కుట్టుకు దారం ఉంటుంది కదా. వాడికివ్వకుండానే విప్పేసింది. పైగదిలో వాడు కాలు కొరుక్కుంటున్న చప్పుడు కింద మాకు వినిపించేది.

"వెళ్ళి, నేను చేస్తానమ్మా అని ఒక్కమాట అనరాదూ?" అంది మా ఆవిడ.

"అడగనీ."

"ఆమె అడగదు, మీరు అనరు. ఒక్క బండనుంచే కొట్టి తీశారు ఇద్దర్నీ. తెగేదాకా లాగకూడదని తాళ్ళ మేస్త్రీకి నేను చెప్పాలా?"

అభిమానం అనుకుంది మా ఆవిడ. అది కొంతే. నేనంతట నేను ఇస్తే, చిన్నబుచ్చడం ఇష్టంలేక తీసుకుంటుంది. వాడికేమైనా అయితే మళ్ళీ అదే మాట అంటుంది, నీ తప్పేం లేదని. ఇంకోసారి ఆ మాట వినే బలం నాకు లేదు.

ఒక గురువారం పొద్దున్నే మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. నేను గుమ్మంలో కూర్చుని పేపరు చూస్తున్నాను. పిచ్చుక వచ్చి నిలబడింది. వాళ్ళ వదినను పిలవలేదు. నా చేతిలోని పేపరు తీసి పక్కన పెట్టి, అరచేతిలో దారం పెట్టింది. తెల్ల దారం, రెండు ముడులు.

"వాడి నోటి వెడల్పు. వెనక పళ్ళ దగ్గర" అంది.

ముడులు చూశాను. కొస రెండుసార్లు దూర్చి ఉంది.

కార్ఖానాలో అడిగినట్టే అడిగాను. "ఎప్పటికి కావాలి?"

"కాలు పుండుపడేలోపు. దారం ఉండకూడదు. నేను చూడకుండా వాడికివ్వకూడదు."

"ఇవ్వను" అన్నాను.

చేసిపెట్టమని అనలేదు. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. అలాగే కూర్చుని చాలాసేపు దారం పట్టుకున్నాను.

మంటలార్పే బండివాళ్ళు పక్కన పడేసిన నీళ్ళగొట్టం ఒకటి నా దగ్గరుంది. దళసరి నేతగుడ్డ, లోపల పలచటి రబ్బరు. నాలుగుసార్లు ఉడకబెట్టి ఎండబెట్టాను. దారమూ జిగురూ లేకుండా, తనలో తానే దూరి బిగుసుకునే ముడి వేశాను. పడవవాళ్ళు గట్టుకు విసిరే తాడు చివర బరువు కోసం వేసే ముడి అది. కోసిన అంచులన్నీ లోపలికి. దారం కొలతకు రెండింతలు ఉండేలా చూశాను. మూడోది కుదిరింది.

శనివారం దాకా ఆగలేదు. మెట్లెక్కి పట్టుకెళ్ళాను. పిచ్చుక టార్చి వేసి ప్రతి మడత చూసింది. గోరుతో నొక్కింది. సూది తెచ్చి అంచులు పైకి లేస్తాయేమో అని లేపి చూసింది. హారను పక్కనే కూర్చుని ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూస్తున్నాడు. చివరికి వాడి ముందు పెట్టి, తను నేలమీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. వాడు గంటసేపు కొరికాడు. ఇద్దరం గంటసేపూ చూశాం. చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయి. బొమ్మ తడిసిందంతే.

"పనికొస్తుంది" అంది. తీసి అలమరాలో పెట్టి తాళం వేసింది. రోజూ గంట, తను చూస్తుండగా మాత్రమే.

ఐదు వారాలు గడిచాయి. కాలిమీద వెంట్రుకలు మళ్ళీ మొలుస్తున్నాయి. నిన్న సాయంత్రం పిచ్చుక ఆ బొమ్మ పట్టుకుని కిందికి వచ్చింది. మా ఆవిడ కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది.

టార్చి వేసి చూపించింది. ఒక మడత దగ్గర, గోరంత మేర, నేత లేచింది. దగ్గరికి పెట్టి చూస్తే తప్ప కనపడదు. ముడి మాత్రం ఇనుపగుండులా ఉంది. లాగితే ఇంకో ఏడాది నిలుస్తుందని నా చేతులకు తెలుసు.

"నూగు వస్తోంది" అంది. నా ముఖంలోకే చూస్తోంది. "పారేద్దామా?"

"పారేద్దాం" అన్నాను.

ఆమె కత్తెర తీసుకుని బొమ్మను నాలుగు ముక్కలు చేసి, ఏ కుక్కకూ దొరక్కుండా కాగితంలో చుట్టి, మూతున్న చెత్తబుట్టలో వేసి వచ్చింది. పైన హారను బస్సంత గొంతుతో అరిచాడు.

"వస్తున్నాన్రా, ఆగు" అని పైకి కేకవేసి, మొదటి మెట్టుమీద కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"అన్నయ్యా, ఇంకోటి చేసిపెట్టు."